కెమెరా నిలబెట్టిన కోట!
'డౌన్‌టన్ ఆబీ' వెనకున్న హైక్లేర్ కథ

'డౌన్‌టన్ ఆబీ' సీరియల్ చూసినవాళ్ళకి ఒక చిన్న ప్రశ్న. భోజనాల వేళ వంటింట్లోంచి నౌకరు వెండి పళ్ళెం చేతబట్టుకుని మెట్లెక్కుతాడు. తలుపు తోసుకుని భోజనశాలలో అడుగు పెడతాడు. దొరగారూ, దొరసానీ, ముగ్గురు కూతుళ్ళూ, నాలుకే కత్తిగా పెట్టుకున్న ఆ ముసలి అత్తగారూ బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. ఆ వంటింటికీ, ఆ భోజనశాలకీ మధ్య దూరం ఎంతుంటుందంటారు? పది మెట్లా? పాతికా?

యాభై మైళ్ళ పైచిలుకు!

అవును. వంటిల్లు ఉన్నది లండన్ పడమటి కొసన ఈలింగ్ స్టూడియోలో, సెట్టింగు. భోజనశాల ఉన్నది హాంప్‌షైర్‌లో, హైక్లేర్ కాజిల్ అనే నిజమైన ఇంట్లో. ఆ ఇంట్లో పాత వంటిళ్ళని ఎప్పుడో కొత్తరకంగా మార్చేశారు. 1912 నాటి కథకి అవి పనికిరావు. అందుకని కిందివాళ్ళ లోకం మొత్తాన్ని స్టూడియోలో కట్టుకున్నారు. పైవాళ్ళ లోకానికి మాత్రం కెమెరాలు మోసుకుని పల్లెటూరికి వెళ్ళారు. పళ్ళెం ఒకరోజు బయల్దేరి, ఇంకెన్నాళ్ళకో భోజనాల బల్ల చేరుతుందన్నమాట. అయినా చూసేవాళ్ళకి పులుసు చల్లారినట్టు అనిపించదు. ఎడిటింగు మహిమ!

ఆ సీరియల్‌లో లార్డ్ గ్రాంథమ్‌గా హ్యూ బోన్‌విల్, ఆయన అమెరికన్ భార్య కోరాగా ఎలిజబెత్ మెక్‌గవర్న్, ముసలి దొరసానిగా 2024లో కన్నుమూసిన మాగీ స్మిత్ నటించారు. వాళ్ళ సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పబోయేది వాళ్ళందరికంటే పెద్ద పాత్ర గురించి. టైటిల్స్‌లో కుక్క వెనకాల నుంచి లేచి నిలబడే ఆ ఇంటి గురించి. ఆ ఇంటి అసలు కథ సీరియల్ కథకంటే చిత్రంగా ఉంటుంది. అందులో రహస్య జనకుడున్నాడు, కళ్ళు తిరిగే కట్నముంది, మమ్మీ ఉంది, శాపముంది, సినిమా నటి ఉంది. ఏ రచయితైనా ఇవన్నీ ఒకే స్క్రిప్టులో పెడితే నిర్మాత "అతిగా ఉందయ్యా, సగం తీసెయ్" అంటాడు.

కోట అంటే కోట కాదు

కాజిల్ అంటే మనం కోట అనుకుంటాం. ఇక్కడ కందకం లేదు, ఫిరంగి లేదు, యుద్ధమూ లేదు. ఇదొక జమీందారీ మేడ. ఆ నేల దాదాపు ఎనిమిది వందల ఏళ్ళు వించెస్టర్ బిషప్పుల చేతిలో ఉండేది. చేతులు మారి మారి 1679లో సర్ రాబర్ట్ సాయర్ అనే పెద్ద న్యాయవాది కొన్నాడు. ఆయన కూతురు హెర్బర్ట్‌ల ఇంటి కోడలైంది. ఆస్తి ఆ వంశానికి చేరింది. 1793లో ఆ వంశంలోని హెన్రీ హెర్బర్ట్‌కి 'ఎర్ల్ ఆఫ్ కార్నార్వన్' అనే బిరుదు వచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ ఇంటి యజమానులు ఆ ఎర్ల్‌లే. ఇప్పుడున్నాయన ఎనిమిదోవాడు.

సీరియల్‌లో కనిపించే ఆ బుర్జులూ గోపురాలూ మాత్రం మొదట్నుంచీ లేవు. అంతకుముందున్నది సాదాసీదాగా, నలుచదరంగా ఉండే తెల్లటి ఇల్లు. మూడో ఎర్ల్‌గారికి అది నచ్చలేదు. 1838లో చార్లెస్ బ్యారీ అనే శిల్పిని పిలిపించాడు. ఈ బ్యారీ ఎవరనుకున్నారు? 1834లో లండన్ పార్లమెంటు తగలబడిపోతే, ఇప్పుడు మనం చూస్తున్న కొత్త పార్లమెంటు భవనానికి ప్లాను గీసినాయన. ఈసారి హైక్లేర్ బొమ్మ పక్కన పార్లమెంటు బొమ్మ పెట్టి చూడండి. అన్నదమ్ముల పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాత ఇంటికే కొత్త రాతి తొడుగు తొడిగి, మధ్యలో ఎత్తయిన బుర్జు లేపి, పని మొదలెట్టారు. ఎప్పటికి పూర్తయిందంటారా? 1878కి! మొదలుపెట్టించిన ఎర్ల్ 1849లో పోయాడు. ప్లాను గీసిన బ్యారీ 1860లో పోయాడు. లోపలి పనులు నాలుగో ఎర్ల్ హయాంలో గానీ ముగియలేదు. ఇల్లు కట్టి చూడు అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

ఆ నాలుగో ఎర్ల్ బ్రిటన్‌కి వలస రాజ్యాల మంత్రిగా చేశాడు. 1867లో కెనడా ఏర్పడటానికి మూలమైన చట్టాన్ని పార్లమెంటులో ప్రవేశపెట్టింది ఆయనే. ఒక దేశం పుట్టుక గురించి ఈ ఇంట్లో మంతనాలు జరిగాయి. అది చరిత్ర పుస్తకాల సంగతి. మనకి కావలసింది ఆయన కొడుకు.

ఇల్లు నిలబెట్టిన పెళ్ళి

అయిదో ఎర్ల్ 1866లో పుట్టాడు. ఇరవై నాలుగేళ్ళకే తండ్రి పోయి ఆస్తీ, ఇల్లూ చేతికొచ్చాయి. దొరగారికి లేని సరదా లేదు. పడవ ప్రయాణాలు, గుర్రాలు, ఫొటోగ్రఫీ, ఆ తర్వాత మోటారు కార్లు. 1910లో జెఫ్రీ డి హావిలాండ్ అనే కుర్ర ఇంజనీరు తన విమానాన్ని మొదటిసారి సవ్యంగా ఎగరేసింది ఈ దొరగారి పొలంలోనే. సరదాలున్నచోట అప్పులు లేకుండా ఎలా ఉంటాయి? అవీ ఉన్నాయి.

చిన్న పిట్టకథ. కాలేజీ రోజుల్లో ఈయన ప్రాణస్నేహితుడు ఎవరో తెలుసా? ప్రిన్స్ విక్టర్ దులీప్ సింగ్. అంటే పంజాబు చివరి మహారాజు దులీప్ సింగ్ కొడుకు. పదేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడు 1849లో రాజ్యంతోబాటు కోహినూరు వజ్రాన్ని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించిన ఆ దులీప్ సింగే! ఆ వజ్రం మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకుంటాం కదా. ఎక్కడి కొల్లూరు, ఎక్కడి హైక్లేర్!

సరే, పెళ్ళి దగ్గరకి వద్దాం. 1895 జూన్ 26. ఆరోజు దొరగారి పుట్టినరోజు కూడా, 29 నిండాయి. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ సెయింట్ మార్గరెట్ చర్చి. పెళ్ళికూతురు పేరు ఆల్మినా వాంబ్‌వెల్, పందొమ్మిదేళ్ళ పిల్ల. కాగితాల మీద ఆమె తండ్రి పేరు వాంబ్‌వెల్. కానీ లోకమంతా అనుకున్నది వేరు. ఆమె అసలు తండ్రి ఆల్ఫ్రెడ్ డి రోత్స్‌చైల్డ్ అని! ఐరోపా రాజులకే అప్పులిచ్చిన ఆ బ్యాంకుల వంశంలో పుట్టిన కోటీశ్వరుడు, బ్రహ్మచారి. ఆయన ఎప్పుడూ నోరువిప్పి "ఇది నా కూతురు" అనలేదు. డబ్బుసంచి మాత్రం విప్పాడు. పెళ్ళికొడుకు అప్పులు తీర్చాడు. ఆల్మినా పేర అయిదు లక్షల పౌండ్లు రాశాడు. 1895లో అయిదు లక్షల పౌండ్లు!

సీరియల్‌లో కోరా తెచ్చిన అమెరికా సొమ్ముతో డౌన్‌టన్ నిలబడిందని చెబుతారు. అసలు ఇంట్లో జరిగింది ఇదీ. మనదగ్గర కట్నంతో ఇల్లు కొనుక్కున్న పెళ్ళికొడుకులు బోలెడుమంది ఉన్నారు గదా, వాళ్ళ జాబితాలో ఈ దొరగారి పేరు కూడా చేర్చుకోవచ్చు. బిరుదు ఆయనది, గోడలు ఆయనవి. ఆ గోడల లోపల తిరిగిన డబ్బు ఆవిడది.

అయితే ఆల్మినాని డబ్బుమూటగా చూడటం అన్యాయం. 1914లో మొదటి ప్రపంచయుద్ధం రాగానే ఆ ఇంటిని ఆసుపత్రిగా మార్చేసింది. పైఅంతస్తులో ఒక గది ఆపరేషన్ థియేటరైంది. నర్సులని తీసుకొచ్చింది. తనూ నర్సు బట్టలేసుకుని గాయపడ్డ సైనికుల దగ్గర కూర్చుంది. ఖర్చుకి మళ్ళీ ఆల్ఫ్రెడ్‌గారే. 1916లో ఆ ఆసుపత్రిని లండన్‌కి మార్చింది. సీరియల్ రెండో భాగంలో డౌన్‌టన్ గాయపడినవాళ్ళకి ఆశ్రయమైన ఘట్టాలు చూసి, కల్పన అనుకునుంటారు. కాదు.

ఇంకొక్క ఏడాది... ఒక్క ఏడాది!

దొరగారికి జర్మనీలో కారు ప్రమాదం జరిగింది. ప్రాణం దక్కింది గానీ ఆరోగ్యం దెబ్బతింది. ఇంగ్లండు చలి పడదు, వెచ్చటి దేశం వెళ్ళమన్నారు డాక్టర్లు. ఈజిప్టు వెళ్ళాడు. అక్కడ ఊరికే కూర్చోలేక తవ్వకాలు మొదలెట్టాడు. అప్పుడు తోడు దొరికినవాడు హోవర్డ్ కార్టర్. పెద్ద డిగ్రీలు లేవు. బొమ్మలు గీసే పనికి పదిహేడేళ్ళకే ఈజిప్టు వచ్చి, ఆ మట్టిలోనే పండినవాడు.

రాజుల లోయలో తవ్వే అనుమతి 1914లో దొరికింది. యుద్ధం అడ్డొచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తవ్వించారు. గుట్టలకొద్దీ రాళ్ళెత్తి పోశారు. టుటన్‌ఖామన్ అనే కుర్రరాజు సమాధి ఎక్కడో ఉందని కార్టర్ నమ్మకం. డబ్బు పెట్టేవాడికి ఎంతకాలమని నమ్మకముంటుంది? 1922 వేసవిలో కార్టర్‌ని హైక్లేర్‌కి పిలిపించి, "ఇక చాలు, ఆపేద్దాం" అన్నాడు దొర. అప్పుడు కార్టర్ ఆడిన మాట ఏమిటంటే, ఇంకొక్క ఏడాది తవ్వుదాం, ఏమీ దొరక్కపోతే ఆ ఖర్చు నాది, దొరికితే సొత్తు మీది. దొర మెత్తబడ్డాడు. ఖర్చు నేనే పెడతాను, ఈ ఒక్క ఏడాదే అన్నాడు.

ఒక్క సినిమా ఆడితే చాలు అని ఆఖరి ఆస్తి తాకట్టుపెట్టే నిర్మాతల కథలు మనం ఎన్ని వినలేదు! చాలాసార్లు ఆ సినిమా ఆడదు. ఇది ఆడింది. 1922 నవంబరు 4న ఇసక కింద మెట్టు కనబడింది. కార్టర్ ఆ మెట్లని మళ్ళీ కప్పించేసి, దొరకి తంతి కొట్టి, ఆయన వచ్చేదాకా మూడువారాలు ఆగాడు చూడండి, ఆ నిగ్రహానికి చెయ్యెత్తి మొక్కాలి. నవంబరు 26న లోపలి తలుపుకి చిన్న కన్నం చేసి, కొవ్వొత్తి పెట్టి లోపలికి తొంగిచూశాడు. వెనకాల దొర, దొర కూతురు ఎవెలిన్ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు. మూడువేల మూడువందల ఏళ్ళ నాటి బంగారం కొవ్వొత్తి వెలుగులో మెరిసింది.

తర్వాత జరిగిందే అసలు మలుపు. ఆ వార్తలు రాసే హక్కుని దొరగారు లండన్ 'టైమ్స్' పత్రిక ఒక్కదానికే అమ్మేశాడు. మిగతా పత్రికలవాళ్ళకి ఒళ్ళు మండింది. ఎండలో బయట కూర్చోబెట్టి, లోపలి సంగతి ఇంకొకడికి చెబితే ఎవడికి మండదు? ఇంతలో దొరగారి చెంపమీద దోమ కుట్టింది. గడ్డం గీసుకుంటుంటే ఆ చోటే తెగింది. అది చీముపట్టి, ఒళ్ళంతా విషమెక్కి, నిమోనియా పట్టుకుంది. 1923 ఏప్రిల్ 5న కైరోలో ప్రాణం పోయింది. వయసు 56. వార్త లేక అల్లాడుతున్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? "మమ్మీ శాపం!" ఆయన పోయిన సమయంలో కైరోలో దీపాలారిపోయాయన్నారు. ఇక్కడ హైక్లేర్‌లో ఆయన పెంపుడు కుక్క సూసీ ఒక్కసారి ఊళపెట్టి చచ్చిపోయిందన్నారు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కోనన్ డాయల్ అంతటివాడు కూడా ఏదో దుష్టశక్తి పని కావచ్చునన్నాడు. ఇక ఆపేదెవరు?

మా వృత్తివాళ్ళు పుట్టించిన కథ గనక, దాన్ని తుంచే బాధ్యత కూడా నాకు కొంత ఉంది. సమాధి తవ్వినవాడు, మమ్మీ కట్లు విప్పించినవాడు కార్టర్. శాపం తగలాల్సింది ముందు ఆయనకి. ఆయన 1939 దాకా బతికాడు. అందరికంటే ముందు లోపలికెళ్ళినవాళ్ళలో ఒకతె అయిన ఎవెలిన్ 1980 దాకా బతికింది. అప్పుడు 21 ఏళ్ళ పిల్ల, పోయేనాటికి ఎనభైకి దగ్గర. శాపమంటే ఇలా ఉంటుందా? దోమకి మమ్మీతో ఏం పని?

కానీ సినిమావాళ్ళకి శాపం బాగా కలిసొచ్చింది. 1932లో యూనివర్సల్‌వాళ్ళు బోరిస్ కార్లాఫ్‌తో తీసిన 'ది మమ్మీ'కి స్క్రిప్టు రాసిన జాన్ బాల్డర్‌స్టన్ ఎవరో కాదు, టుటన్‌ఖామన్ సమాధి వార్తలు రాసిన పత్రికా విలేకరే. 1999లో వచ్చిన కొత్త 'మమ్మీ' మనలో చాలామంది చూశారు. అందులో రేచల్ వైజ్ వేసిన కథానాయిక పేరు ఎవెలిన్ కార్నహన్. ఎవెలిన్... కార్నహన్... ఎవరు గుర్తొస్తున్నారు?

దొరగారిని హైక్లేర్ తీసుకొచ్చి, ఇంటికి ఎదురుగా ఉన్న బీకన్ హిల్ అనే గుట్టమీద పాతిపెట్టారు. సమాధిలోని సొత్తు మాత్రం ఈజిప్టుదాటి రాలేదు. అంతకుముందు ఏడాదే స్వతంత్రమైన ఆ దేశం, తమ రాజు సొమ్ము తమదేనంది. నన్నడిగితే అదే న్యాయం. 1930లో తవ్వకాల ఖర్చు కింద కార్నార్వన్ కుటుంబానికి కొంత పరిహారం ముట్టింది. అంతే.

పెద్దింటి పెద్ద ఖర్చు

ఇక్కణ్ణించి కథ నెమ్మదిస్తుంది. ఇంగ్లండులో 1894 నుంచీ ఎస్టేట్ డ్యూటీ అని ఒక పన్నుండేది. తండ్రి పోతే కొడుకు ఆస్తి లెక్కగట్టి సర్కారుకి కప్పం కట్టాల్సివచ్చేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద ఆస్తుల మీద అది నూటికి ఎనభై దాకా వెళ్ళింది. పనివాళ్ళు దొరకడం మానేశారు. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు పనిచేస్తే జీతమూ స్వేచ్ఛా ఉంటే, తెల్లారుజామున లేచి ఇంకొకళ్ళ పొయ్యిలో బొగ్గెయ్యడానికి ఎవరొస్తారు? రారు. రాకూడదు కూడా. దాంతో ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండులో ఇలాంటి మేడలు వెయ్యికి పైగా నేలమట్టమయ్యాయి. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పోయిన ఇళ్ళ బొమ్మలతోనే ఒక ప్రదర్శన పెట్టారు, చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. మనదగ్గర 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక దివాణాలు ఏమయ్యాయో మీ ఊళ్ళోనే చూసుంటారు. కొన్ని కాలేజీలయ్యాయి, కొన్ని ఆఫీసులయ్యాయి, కొన్నిట్లో రావిచెట్లు మొలిచాయి. 'ప్రేమనగర్' (1971) లాంటి సినిమాల్లో అక్కినేని మెట్లు దిగుతుంటే మనం నోరు తెరుచుకు చూసిన ఆ జమీందారీ దర్జా, బయట అప్పటికే చరిత్రలో కలిసిపోయింది.

హైక్లేర్ మాత్రం ఎలాగో గట్టెక్కింది. అయిదో ఎర్ల్ ముచ్చటపడి పోగేసిన ఈజిప్టు వస్తువుల్ని 1926లో ఆల్మినా న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియానికి అమ్మేసింది. ఆరో ఎర్ల్ మొదట ఒక అమెరికన్ అమ్మాయిని చేసుకున్నాడు. ఆవిడతో విడిపోయాక 1939లో చేసుకున్నది ఎవర్నో తెలుసా? టిల్లీ లోష్! వియన్నా నాట్యకత్తె, 'గార్డెన్ ఆఫ్ అల్లా', 'గుడ్ ఎర్త్' చిత్రాల్లో కనిపించిన నటి. సినిమా ఈ ఇంట్లోకి కెమెరాతో రాకముందే కోడలిగా వచ్చిందన్నమాట! ఎక్కువకాలం నిలవలేదు లెండి. 1947లో విడాకులు. యుద్ధంరోజుల్లో లండన్ మీద బాంబులు పడతాయని తరలించిన పిల్లలు ఈ ఇంట్లో తలదాచుకున్నారు. ఖరీదైన తివాచీల మీద పసిపిల్లలు పాకారు. ఆ ఇంటి చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే.

మరి ఆల్మినా? భర్త పోయిన ఏడాదే ఇంకో పెళ్ళి చేసుకుంది. నర్సింగ్ హోములు నడిపింది. చెయ్యి పెద్దది, లెక్క తెలీదు. ఆల్ఫ్రెడ్‌గారు ఇచ్చిన డబ్బంతా హారతికర్పూరమైపోయింది. 1951లో దివాలా తీసింది. 1969లో, 93 ఏళ్ళ వయసులో, బ్రిస్టల్‌లో పోయింది. ఒక రోజున అయిదు లక్షల పౌండ్లతో ఇంటిని నిలబెట్టిన మనిషి... ఆవిడ చివరి రోజుల్ని ఎవరూ సీరియల్‌గా తియ్యలేదు. తీస్తే చూడాలనుంది.

1987లో ఆరో ఎర్ల్ పోయాక ఇంట్లో సామాను జాబితా రాయడం మొదలెట్టారు. అప్పుడొక ముసలి బట్లరు సాయంతో రెండు గదుల మధ్య గోడల్లో మరుగునపడ్డ అల్మారాలు బయటపడ్డాయి. తెరిస్తే ఏముంది? అయిదో ఎర్ల్ తొలి తవ్వకాల్లో దొరికిన ఈజిప్టు వస్తువులు! అరవై ఏళ్ళకు పైగా గోడలో దాక్కున్నాయి. నిధి కోసం దేశాలుపట్టి తిరిగిన మనిషి ఇంట్లోనే నిధి. పాతకాలం జానపద చిత్రాల్లో మాత్రమే జరిగే ముచ్చట ఇది.

కాల్షీట్లు ఇచ్చిన ఇల్లు

ఇంటిని షూటింగులకి ఇవ్వడం 'డౌన్‌టన్'తో మొదలవలేదు. 1987లో 'ది సీక్రెట్ గార్డెన్'లో మిసల్‌త్‌వైట్ భవనం ఇదే. 'జీవ్స్ అండ్ వూస్టర్' సీరియల్‌లో టాట్‌లీ టవర్స్ ఇదే. కుబ్రిక్ ఆఖరి చిత్రం 'ఐస్ వైడ్ షట్' (1999)లో కొన్ని దృశ్యాలు ఇక్కడివే. కానీ అవన్నీ చిన్నచిన్న వేషాలు. ఇల్లుగలవారి కష్టం తీరలేదు.

2009 నాటికి పరిస్థితి ఎలా ఉందో పత్రికల్లో వచ్చింది. రెండువందలకు పైగా గదులున్న ఇంట్లో కనీసం 50 గదులు మనిషి ఉండలేని స్థితిలో ఉన్నాయి. కప్పు కారుతోంది. పెచ్చులూడుతున్నాయి. ఎస్టేటు మొత్తం బాగుచెయ్యాలంటే దాదాపు కోటీ ఇరవై లక్షల పౌండ్లు కావాలి. అందులో ఒక్క కోటకే 18 లక్షలు. ఈసారి ఆల్ఫ్రెడ్‌గారు లేరు. కొంత భూమి ఇళ్ళస్థలాలకి అమ్మితే గానీ గడవదనుకున్నారు. అదే సమయంలో పొరుగునే ఉండే మరో పెద్దమనిషి, సంగీత దర్శకుడు ఆండ్రూ లాయిడ్ వెబర్, ఈ కోటని తనకిచ్చేయమని బేరం పెట్టాడు. 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా' స్వరకర్త. మన ఏ.ఆర్.రెహమాన్‌ని లండన్ తీసుకెళ్ళి 'బాంబే డ్రీమ్స్' (2002) చేయించింది ఈయనే. తన దగ్గరున్న బొమ్మలన్నీ ఇందులో పెట్టుకోవాలని ఆయన ముచ్చట. ఎనిమిదో ఎర్ల్ అమ్మనన్నాడు.

సరిగ్గా అప్పుడే జూలియన్ ఫెలోస్ స్క్రిప్టు పట్టుకొచ్చాడు. 'గాస్‌ఫర్డ్ పార్క్' (2001) రాసి ఆస్కార్ పట్టుకెళ్ళిన రచయిత. ఈ కుటుంబానికి మిత్రుడు. తన కథలో ఇల్లు ఎలా ఉండాలని రాసుకున్నాడో, అప్పుడు మనసులో ఉన్నది హైక్లేరే. కథలో అది యార్క్‌షైర్‌లో ఉన్నట్టు చెప్పారు. ఉన్నది హాంప్‌షైర్‌లో. అంటే పాలకొల్లులో షూటింగు చేసి శ్రీకాకుళం అన్నట్టు. మనకేం కొత్త?

2010 సెప్టెంబరు 26న మొదటి భాగం ప్రసారమైంది. 2015 క్రిస్మస్ దాకా ఆరు సిరీస్‌లు, 52 భాగాలు. తర్వాత 2019లో, 2022లో, 2025లో మూడు సినిమాలు. దేశదేశాల నుంచి జనం ఇల్లు చూడటానికి తరలివచ్చారు. టిక్కెట్ల డబ్బుతో, షూటింగు అద్దెలతో కప్పు బాగుపడింది. ఎనిమిదో ఎర్ల్ భార్య ఫియోనా 2011లో ఆల్మినా కథని పుస్తకంగా రాస్తే అదీ బాగా అమ్ముడుపోయింది. పోయిన తర్వాత కూడా ఆల్మినా ఆ ఇంటికి డబ్బు సంపాదించిపెడుతూనే ఉంది చూడండి!

ఇంకొక్క తమాషా చెప్పాలి. ఆల్మినా తండ్రి అని లోకమనుకున్న ఆల్ఫ్రెడ్‌కి ఒక బావగారున్నారు, ఫెర్డినాండ్ డి రోత్స్‌చైల్డ్. ఆయన బకింగ్‌హమ్‌షైర్‌లో వాడెస్‌డన్ మేనర్ అనే రాజప్రాసాదం కట్టించాడు. మీరు ఆ ఇంటిని చూశారు. చూడలేదంటే ఒప్పుకోను! 'కభీ ఖుషీ కభీ గమ్' (2001)లో అమితాబ్ బచ్చన్ ఇల్లు అదే. షారుక్ ఖాన్ హెలికాప్టర్ దిగి పరుగెత్తుకొస్తుంటే జయా బచ్చన్ హారతిపళ్ళెంతో ఎదురొచ్చే ఆ ఇల్లు ఢిల్లీలో లేదు. రోత్స్‌చైల్డ్‌ల డబ్బు ఇంగ్లండులో ఒక టీవీ సీరియల్‌ని, బొంబాయిలో ఒక హిందీ సినిమాని నిలబెట్టిందంటే ఆశ్చర్యమే మరి.

నేను చూసిన హైక్లేర్

రెడింగ్‌లో ఉద్యోగం చేసే మా పిన్ని కొడుకు పుణ్యమా అని ఒక వేసవిలో ఈ ఇల్లు చూశాను. న్యూబరీ స్టేషన్లో దిగి టాక్సీలో వెళ్ళాం. ఏడాది పొడుగునా తెరిచి ఉంచరు. ఆ ఇంట్లో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు గనక కొన్నాళ్ళే జనాన్ని రానిస్తారు. టిక్కెట్టు ముందే కొనుక్కోవాలి. పచ్చిక మీద పెద్దపెద్ద సీడార్ చెట్లు. వాటి మధ్య నుంచి ఇల్లు కనిపించగానే ఆ టైటిల్ సంగీతం దానంతటదే చెవుల్లో మోగింది. నా పక్కన నడుస్తున్న ఓ ముసలావిడ నిజంగానే ఆ రాగం తీసింది కూడా.

లోపల ఫొటోలు తియ్యనివ్వరు. మంచిదే. భోజనశాలలో గోడమీద గుర్రమెక్కిన ఒకటో చార్లెస్ రాజు బొమ్మ, వాన్ డైక్ గీసింది. సీరియల్‌లో అన్ని పోట్లాటలూ ఆ గుర్రం కిందే జరిగాయి. లైబ్రరీలో అయిదున్నరవేల పైన పుస్తకాలు. కెమెరాలో మైదానంలా కనిపించిన గదులు నిజంగా చూస్తే అంత పెద్దవేం కావు. మన స్టార్లని దగ్గరగా చూసినప్పుడు "ఇంతేనా పొడుగు!" అనిపిస్తుందే, అలాగే. కుర్చీల మీద మాత్రం ఇంటివాళ్ళ పెళ్ళి ఫొటోలూ, పిల్లల ఫొటోలూ పెట్టిన బల్లల పక్కన ఎవరూ కూర్చోకుండా తాళ్ళు కట్టారు. ఒకాయన తాడు దగ్గర నిలబడి "లార్డ్ గ్రాంథమ్ ఏ గదిలో పడుకునేవాడు?" అని గైడుని అడిగాడు. గైడమ్మ నవ్వకుండా, ఆ మాటకి అలవాటుపడ్డ మనిషిలా, పైకి చెయ్యి చూపించింది.

చివరికి నేలమాళిగలోకి దింపుతారు. సీరియల్ ప్రకారం అక్కడ మిసెస్ పాట్‌మోర్ వంటిల్లు ఉండాలి. కార్సన్ గంభీరంగా తిరుగుతుండాలి. మెట్లు దిగిన జనం వాళ్ళకోసమే చూశారు. అక్కడ మసకదీపాల కింద ఉన్నది టుటన్‌ఖామన్. బంగారు ముఖం, అచ్చు నకలు. దాని పక్కన గాజుపెట్టెల్లో, గోడల్లోంచి బయటపడ్డ ఆ అసలు వస్తువులు. ఒక కుర్రవాడు కుర్రరాజు ముఖాన్ని రెప్పవెయ్యకుండా చూస్తూ, ఇది ఏ సీజన్లో వస్తుందని తల్లిని అడుగుతున్నాడు.